అమ్మానాన్నలతో లాస్ వేగాస్ చూడాలంటే: మన నెల్లూరు వాళ్లకి

నెల్లూరు నుంచి పెద్దవాళ్లు అమెరికా వచ్చేది ఎక్కువగా ఎండాకాలంలోనే, పిల్లలు వాళ్లని వేగాస్ తీసుకెళ్లేదీ అప్పుడే. రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్లం మాకేమవుతుందిలే అనుకుంటారు, అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. మన దగ్గర చెమట కారి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి దాహం తెలుస్తుంది. వేగాస్ ఎడారి, జూన్, జులైలో 40 డిగ్రీలు దాటడం మామూలే, చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు పొడిగానే ఉంటుంది, లోపల నీళ్లు అయిపోతున్న సంగతే తెలియదు. మా నాయనకి అదే జరిగింది. "అదిగో కనిపిస్తా ఉంది కదరా, నడిచి పోదాం పా" అని మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాడు, సగం దారిలో కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. అందుకని దాహం వేసినా వేయకపోయినా గంటకోసారి నీళ్లు తాగించండి, పదకొండు నుంచి ఐదు దాకా ఏసీలోనే ఉంచండి.

వేగాస్ హోటళ్లు మరీ పెద్దవి కావడంతో దూరాలు కంటికి అందవు. పక్కనే ఉన్నట్టు కనిపించే హోటల్‌కి ఇరవై నిమిషాల నడక పడుతుంది. పెద్ద హోటళ్లు వరసగా ఉండే స్ట్రిప్ అనే రోడ్డు దాదాపు 7 కిలోమీటర్లు, వీఆర్‌సీ సెంటర్ నుంచి మద్రాస్ బస్టాండ్‌కి నడిచినట్టు కాదు. పెద్ద కూడళ్లలో రోడ్డు దాటాలంటే పైవంతెన ఎక్కాల్సిందే, మోకాళ్ల నొప్పులుంటే ముందే లిఫ్ట్ ఎక్కడుందో చూసుకోండి. డ్యూస్ అనే డబుల్ డెక్కర్ బస్సు రాత్రీపగలూ తిరుగుతుంది, 24 గంటల టికెట్ తీసుకుంటే ఎక్కడంటే అక్కడ ఎక్కి దిగొచ్చు.

రూమ్ శుక్ర, శనివారాలు వదిలేసి మధ్య రోజుల్లో తీసుకోండి, బాగా తగ్గుతుంది. చూపించే రేటు మీద రిసార్ట్ ఫీజు (హోటల్ సౌకర్యాల పేరుతో వేసేది) వేరే పడుతుందేమో కూడా చూసుకోండి. చాలా రూముల్లో మైక్రోవేవ్ ఉండదు, కాబట్టి పులిహోర, పెరుగన్నం లాంటివి కట్టుకెళ్తే పెద్దవాళ్లకి హాయి.

కాసినోలో 21 ఏళ్లలోపు పిల్లలు దారిలో నడిచి పోవచ్చు గానీ జూదం మెషీన్ల దగ్గర నిలబడకూడదు. లోపల సిగరెట్ పొగ ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్లని ఎక్కువసేపు తిప్పకండి.

డబ్బు పెట్టకుండా చూడదగ్గవి చాలానే ఉన్నాయి. బెల్లాజియో ముందు చెరువులో పాటకి తగ్గట్టు ఫౌంటెన్లు ఆడతాయి, రాత్రి ఎనిమిది తర్వాత పావుగంటకోసారి. మా అమ్మ వరసగా మూడు చూసి గానీ కదల్లేదు. అదే హోటల్ లోపల పూలతోట ఉంది, కాలాన్ని బట్టి అలంకరణ మారుస్తారు. 1959లో పెట్టిన స్వాగత బోర్డు దగ్గర ఫోటోకి లైను ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో వీధి మీద కప్పంతా వీడియో తెరే, చూడాల్సిందే, కాకపోతే గోల ఎక్కువ. నేనైతే పెద్దవాళ్లతో అక్కడ అరగంటకి మించి ఉండను.

ఒక్క పొద్దుట మాత్రం ఊరి బయటికి తప్పకుండా తీసుకెళ్లండి. నడవలేనివాళ్లకి రెడ్ రాక్ కాన్యన్ మేలు, 21 కిలోమీటర్ల వన్‌వే దారి, కారులో కూర్చునే ఎర్రకొండలు చూడొచ్చు. అక్టోబర్ నుంచి మే దాకా ముందే టైమ్ బుక్ చేసుకోవాలి.

కాస్త నడవగలిగితే హూవర్ డ్యామ్‌కి వెళ్లండి, ముప్పావు గంట ప్రయాణం. ఎత్తు 221 మీటర్లు, మన నాగార్జునసాగర్ 124. కట్ట మీద నడిస్తే సగం నెవాడా రాష్ట్రం, సగం అరిజోనా రాష్ట్రం. దారిలో కార్లని తనిఖీ చేస్తారు, అందుకు కొంత టైమ్ పెట్టుకోండి. మా నాయన సోమశిల నీళ్ల మీద వరి పండించిన మనిషి. రాళ్ల మీద నీళ్లు దిగిపోయిన తెల్లటి చార చూసి, "ఎంత తగ్గిపోయిందిరా" అని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నీడ తక్కువ కాబట్టి ఎనిమిదికల్లా చేరి, పదింటికి కారెక్కేయండి.