పాత మారుతి 800కి ఇంజన్ మార్చుకుందాం – మూడో భాగం: ఎక్కించడం

పోయిన భాగంలో పాడైన ఇంజన్ దించేశాం. నీళ్లు తాగి పోయిన ఇంజన్ అది. వానాకాలంలో రాజోలు నుంచి వస్తుంటే కాలవగట్టు రోడ్డు మునిగి ఉంది, ఆపకుండా పోనిచ్చాను, ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్లోకి వెళ్లాయి. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు కదా, కనెక్టింగ్ రాడ్ వంగి బ్లాకునే పగలగొట్టింది.

ఇప్పుడు మన దగ్గరున్నది అదే 796 సీసీ, మూడు సిలిండర్ల కార్బురేటర్ రకం సెకండ్ హ్యాండ్ ఇంజన్. అమ్మినాయన ఎంత బాగుందని చెప్పినా సరే, క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) వెనక ఆయిల్ సీల్, టైమింగ్ బెల్టు ఇప్పుడే మార్చేయండి. ఆ సీల్ ఫ్లైవీల్ (క్రాంక్ చివర క్లచ్ ఎక్కే బరువైన చక్రం) చాటున ఉంటుంది, రేపు కారడం మొదలైతే మళ్లీ ఇంజన్ దించాల్సిందే.

క్లచ్ ప్లేట్‌లో స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టేది) వైపుకు రావాలి. పాత గేర్ బాక్స్ షాఫ్టు ఒకటి మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకుని, దాన్ని మధ్యలో దూర్చి ప్లేట్‌ని సెంటర్ చేశాకే బోల్టులు బిగించండి, అదీ ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా.

ఇక అసలు ఓపిక ఇక్కడే కావాలి. చైన్ బ్లాకు మీద ఇంజన్ వేలాడుతుంటుంది, గేర్ బాక్స్ కింద జాకీ ఉంటుంది, రెండూ కలిసిపోతున్నాయి అనుకునేసరికి అర అంగుళం దూరంలో ఆగిపోతుంది. మా బావమరిది వెంటనే "బావా, బోల్టులు పెట్టి లాగేద్దాం" అన్నాడు. వద్దన్నాను. అలా లాగితే గేర్ బాక్స్‌కి బోల్టు పట్టే అల్యూమినియం చెవి విరిగిపోతుంది. ముందు చుట్టూ వేలితో తడిమి సందు అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి, కింద ఎక్కువుంటే జాకీ కాస్త సర్దండి. తర్వాత బండిని గేరులో వేసి, ముందు చక్రాలు నేలమీదే ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకి రింగు పానా పెట్టి మెల్లగా తిప్పుతూ ఉంటే గేర్ బాక్స్ షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేట్ పళ్లలో కుదిరి, ఇంజన్ దానంతట అదే లోపలికి జారుతుంది. చేతికే తెలుస్తుంది ఆ జారడం. బోల్టులు అప్పుడు పెట్టండి. ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే ఫౌండేషన్ రబ్బర్లు ఆ తర్వాతే.

వైర్లు, కేబుళ్లు, గొట్టాలకి విప్పేటప్పుడే చీటీలు కట్టుకున్నాం కాబట్టి అవి వాటి చోట్లకి పోతాయి. రేడియేటర్‌లో మాత్రం బోరు నీళ్లు పొయ్యకండి. మన సముద్రం వైపు ఊళ్లలో బోర్లు ఉప్పగా ఉంటాయి, లోపలంతా తుప్పు పట్టేస్తుంది. రెడీమిక్స్ కూలెంట్ కొనండి.

ఆయిల్ పోశాక నేరుగా స్టార్ట్ చెయ్యొద్దు. ఇంజన్ అంటుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటొచ్చే వైరు తీసేసి, లోపలంతా ఆయిల్ చేరి డాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి.

కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, కొన్న బిల్లు జాగ్రత్తగా ఉంచి ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లండి. వచ్చే భాగం ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడాలో సరిచెయ్యడం) గురించి, ఈలోగా అది చూసుకునే టైమింగ్ లైటు ఎవరినైనా అడిగి తెచ్చిపెట్టుకోండి.