1936 నాటి పర్లాకిమిడి పంతులుగారి వేషం: బట్ట, కుట్టు, కట్టు, ఫొటో

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం వస్తోందంటే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు పిల్లలకు గిడుగు రామమూర్తి పంతులుగారి వేషం వేయాలన్న హడావిడి మొదలవుతుంది. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కు (ఒడిశా ఏర్పడిన రోజు) కూడా పాత కాలపు ప్లీడర్లు, గుమాస్తాలు, బడి పంతుళ్ళ వేషాలు అడుగుతారు. చాలామంది చేసేది ఒకటే: అద్దె దుకాణంలో జరీ అంచు పంచె, మెరిసే సిల్కు లాల్చీ, అట్టతో చేసిన తలపాగా తీసుకొచ్చి, దాని మీద దూదితో మీసం అంటించడం. ఇది పెళ్ళికొడుకు వేషం అవుతుంది, పంతులు వేషం కాదు. డబ్బు నగల మీద, మేకప్ మీద కాకుండా బట్ట మీద పెట్టాలి. పెద్దవాళ్ళు వేసినా, పిల్లలకు వేసినా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం తగ్గుతాయి.

ముందు ఏ సంవత్సరం, ఎవరు, ఎంత సంపాదన ఉన్నవాళ్ళు అన్నవి తేల్చుకోండి. ఇక్కడ 1936 తీసుకుంటున్నాం. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి అందులోకి వెళ్ళాయి. అంతవరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అందుకే ఇక్కడి తెలుగు ప్లీడరు, బడి పంతులు, కచేరీ గుమాస్తాల దుస్తులు మద్రాసు పద్ధతివే: గోచీ పోసిన పంచె, లాల్చీ లేదా చొక్కా, పైన కోటు, భుజం మీద ఉత్తరీయం, తలకు పాగా. సరిహద్దు గీత మారినంత మాత్రాన బట్టలు మారిపోవు కాబట్టి ఈ వేషం దానికి ముందు పదేళ్ళకూ, తరవాత ఐదారేళ్ళకూ పనికొస్తుంది. కుర్రవాళ్ళైతే పాగా తీసేసి క్రాపు పెట్టొచ్చు. యాభై దాటినవాళ్ళకు పాగా ఉండాల్సిందే.

ఆధారానికి ఇంట్లోని పాత ఫొటోలు, బడి గ్రూపు ఫొటోలు చూడండి. ఇక్కడ రెండు మోసాలున్నాయి. ఒకటి, నెగటివ్ తిరగేసి ప్రింటు వేసిన ఫొటోలు. మగవాళ్ళ కోటుకు ఎడమ భాగం పైకి వస్తుంది. కుడి భాగం పైన కనిపిస్తే ఫొటో తిరగబడిందని అనుమానించండి. అప్పుడు ఉత్తరీయం ఏ భుజం మీద ఉందన్న లెక్క కూడా తలకిందులవుతుంది. రెండోది రంగు. ఆనాటి స్టూడియోల్లో చాలాకాలం వాడిన ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకు ఎరుపు తెలియదు. ఫొటోలో నల్లగా కనిపించే పంచె అంచు నిజానికి ఎర్రది కావచ్చు, బొట్టు కూడా అంతే. నల్ల అంచు పంచె కోసం బజారంతా తిరిగేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

బట్ట

పంచె: నాలుగు మీటర్ల పొడవు, 50 నుంచి 52 అంగుళాల పన్నా (వెడల్పు). లావుగా, పొడుగ్గా ఉన్నవాళ్ళకు నాలుగున్నర మీటర్లు కావాలి. అంచు అంగుళం లోపు ఉండాలి. ఎరుపు, నలుపు, ముదురు నీలం ఏదైనా ఫరవాలేదు. వెడల్పాటి బంగారు జరీ అంచు వద్దు. వెల్క్రో అతికించిన రెడీమేడ్ పంచె అసలే వద్దు, మొదటి అడుగులోనే పట్టుబడుతుంది.

లాల్చీకి ఖద్దరు. పొందూరు దగ్గరే కాబట్టి సన్న ఖద్దరు దొరుకుతుంది, కానీ పంతులుగారి జీతానికి అంత సన్నం అవసరం లేదు, మధ్యరకం చాలు. 36 అంగుళాల పన్నాలో 42 అంగుళాల పొడవు లాల్చీకి ముందూ వెనకా కలిపి రెండు మీటర్ల పావు, రెండు చేతులు పక్కపక్కన పెట్టి కోస్తే ఇంకో 65 సెంటీమీటర్లు పడుతుంది. పక్క కలీలు (ఘేరు కోసం పక్కన కలిపే ముక్కలు), చంక ముక్కలు, మెడపట్టీ మిగిలిన వాటిలోంచే వస్తాయి. అంటే 2.9 మీటర్లు, కానీ ఖద్దరు కుదించుకుపోతుంది కాబట్టి 3.25 మీటర్లు కొనండి. ఉతకకుండా కుట్టించిన ఖద్దరు లాల్చీ మొదటి ఉతుకులోనే మోకాలి పైకి ఎక్కుతుంది. రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే దర్జీ చేతికివ్వాలి.

కొట్లో 'ప్యూర్ కాటన్' అన్న మాటను నమ్మకండి. అంచు నుంచి రెండు దారాలు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితంలా మండి మెత్తటి బూడిదవుతుంది. కరిగి నల్లటి గట్టి పూసలా మిగిలితే అందులో పాలిస్టర్ ఉన్నట్టు. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

కుట్టు

మిషను మీద కుట్టడం తప్పు కాదు. ఆనాటికే బజారు దర్జీల దగ్గర మిషన్లున్నాయి, చేతికుట్టే కావాలని పట్టుపట్టనక్కర్లేదు. తప్పంతా ఓవర్‌లాక్‌తో వస్తుంది. గాలికి లాల్చీ చీలిక తెరుచుకోగానే లోపలి మూడు దారాల గొలుసు కెమెరాకు దొరికిపోతుంది. దర్జీకి ముందే చెప్పండి: కుట్టు అంచులు మడిచి, లోపలికి పెట్టి, మీద రెండో కుట్టు వేయాలి. దీనికి ఒకటిన్నర సెంటీమీటర్ల మార్జిన్ వదలాలి. కాలరు వద్దు, మూడు సెంటీమీటర్ల నిలువు మెడపట్టీ చాలు. చంకలో నాలుగంగుళాల చదరపు ముక్క వేయించండి. అది లేకపోతే చెయ్యెత్తినప్పుడల్లా లాల్చీ మొత్తం పైకి లేస్తుంది, కుట్టు కూడా అక్కడే చిరుగుతుంది.

దారం కూడా నూలుదే. ఇది చాదస్తం కాదు. తరవాత బట్టను టీ నీళ్ళలో ముంచినప్పుడు పాలిస్టర్ దారం రంగు పట్టదు, గోధుమరంగు లాల్చీ మీద తెల్లటి గీతల్లా కుట్లన్నీ బయటపడతాయి. గుండీలు ముత్యపుచిప్పవో, ఇత్తడివో, ఎముకవో పెట్టండి. దొరక్కపోతే అదే బట్ట చుట్టిన గుండీలు పెట్టించండి, ప్లాస్టిక్ కన్నా నయం.

కోటు కొత్తది కుట్టించడం ఖర్చు. పాత సూటు కోటు ఒకటి తీసుకుని భుజాల్లోని ప్యాడ్లు విప్పించి, మెరిసే గుండీలు మార్పిస్తే దూరం ఫొటోలకు సరిపోతుంది. దగ్గర ఫొటోకైతే తెల్ల డ్రిల్లు కోటు కుట్టించాల్సిందే.

తెలుపు మీద పని

కొత్త తెల్లబట్ట మిల్లు నుంచి వచ్చేటప్పుడే దానిలో మెరుపు రసాయనం ఉంటుంది. నేటి సబ్బు పొడులూ అదే కలుపుతాయి. ఎండలో అది నీలంగా వెలుగుతుంది. పక్కన ఎంత పాత గోడ ఉన్నా పంచె నిన్నటిదని తెలిసిపోతుంది. సాదా బార్ సబ్బుతో రెండు మూడుసార్లు ఉతికి, టీ నీళ్ళలో ముంచాలి.

ఒక పంచె, ఒక లాల్చీకి కలిపి పది లీటర్ల నీళ్ళు, 60 గ్రాముల టీ పొడి. పది నిమిషాలు మరిగించి, గుడ్డలో వడకట్టండి. నలక ఒక్కటి మిగిలినా చుక్కలా అంటుకుంటుంది. బట్టను ముందు మామూలు నీళ్ళలో తడిపి పిండి అప్పుడు వేయాలి. పొడిగా వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. పది నిమిషాలు ఆపకుండా తిప్పండి. తడిమీద ముదురుగా కనిపించినా ఆరాక ఒక పట్టు తగ్గుతుంది, కాబట్టి కంగారుపడి ముందే తీయకండి. గిన్నె అల్యూమినియందో స్టీలుదో ఉండాలి. టీలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు తేలుతుంది. తుప్పు బకెట్లో వేస్తే నల్ల మరకలు పోవు. బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువున్న ఊళ్ళలో బట్ట మొత్తం బూడిదరంగుకు దిగుతుంది, అక్కడ వాన నీళ్ళు పట్టి వాడండి.

వేషం డబ్బున్నవాళ్ళదైతే టీ వద్దు. గంజి, నీలిమందు పెట్టండి, చాకలి మడత అలాగే ఉండేది. రెండూ కలిపితే పసుపు మీద నీలం పడి మురికి రంగు వస్తుంది. గంజి: చిక్కటి గంజి ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు, పలుచటి గుడ్డలో వడకట్టి. ఆగస్టు తేమలో గంజి బట్ట గంట గడవక ముందే వాలిపోతుంది. అందుకని ఇస్త్రీ ముందురోజు చేయకుండా, బయల్దేరే ముందు చేయాలి.

కట్టు

పంచెను పొడవుగా నడుము వెనక పట్టుకోండి, ఎక్కువైన పన్నాను పైన మడవండి, ఆ మడత బొడ్డు ఎత్తుకు, కింది అంచు చీలమండకు రావాలి. రెండు వైపులూ ముందుకు లాగి, పై అంచుల్లోంచి జానెడు జానెడు తీసి బొడ్డు దగ్గర బిగించి ముడేయండి. ఇప్పుడు ఇటూ అటూ మీటరున్నర చొప్పున కొసలు వేలాడతాయి. ఎడమ కొస చివర పట్టుకుని నాలుగు వేళ్ళ వెడల్పున మడతలు పెట్టి, కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి, వెన్నుపూస మీదకు వచ్చేలా దోపండి. కుడి కొసకు నిలువుగా కుచ్చెళ్ళు పోసి బొడ్డు దగ్గర దోపితే అంచులు మెట్లుమెట్లుగా ముందుకు జారతాయి.

గోచీ దోపేముందు ఒకసారి గొంతుక్కూర్చుని లేవండి. నిలబడి బిగువుగా లాగి దోపిన గోచీ కుర్చీలో కూర్చోగానే ఊడుతుంది. వెనక ఒక్క పిన్నీసు లోపలివైపు నుంచి పెట్టుకోవచ్చు, ముందు మాత్రం వద్దు. లోపల తెల్ల డ్రాయరు వేసుకుంటే సన్న పంచెలోంచి గీత కనిపిస్తుంది. ఒంటిరంగుకు దగ్గరగా ఉన్నది వేసుకుంటే కనిపించదు.

పాగాకు ఐదు మీటర్ల మల్లు గుడ్డ, 90 సెంటీమీటర్ల పన్నాను నిలువునా చింపితే ఇద్దరికి సరిపోతుంది. పలుచగా గంజి పెట్టి, చెమ్మ ఉండగానే మెలితిప్పి, ఆ మనిషి తలకే చుట్టి ఆరనివ్వాలి. ఆరాక లోపల నాలుగు చోట్ల టాకాలు వేస్తే టోపీలా తీసిపెట్టుకోవచ్చు.

పక్కన పంతులమ్మగారు ఉంటే తొమ్మిది గజాల చీర కావాలి, అంటే 8.2 మీటర్లు. ఈరోజు మామూలు చీర ఐదున్నర. ఒకే రకం నూలు చీరలు మూడు కొని, ఒకదాన్ని సగానికి కోసి మిగతా రెంటికి లోపలి కొసకు అతికితే రెండు పెద్ద చీరలు వస్తాయి. అంచుకు అంచు కలపండి. అతుకు మొదటి చుట్టులోకి పోతుంది. పైట కొసకు మాత్రం అతకకండి. ఫాల్ కుట్టించకూడదు, మ్యాచింగ్ రవికె కూడా వద్దు. పండగ ఫొటోకు బరంపురం పట్టు ఉంటే అంతకు మించింది లేదు, దాని అంచులోని గుడి గోపురం వరసలే ఈ ప్రాంతపు ముద్ర. అయితే ప్లాస్టిక్ జరీ ఫ్లాష్‌కు పచ్చగా భగ్గుమంటుంది, పాత జరీ అణిగిన వెలుగు ఇస్తుంది. ఏ వైపు పైట, గోచీ ఉందా లేదా అన్నది ఇంటింటికీ వేరు, ఆ ఇంటి పెద్దావిడను అడగడమే మార్గం.

చేతిలో పెట్టేవి తక్కువే ఉండాలి: కర్ర పిడి నల్ల గొడుగు, గుండ్రటి కళ్ళజోడు, తోలు చెప్పులు. హవాయి చెప్పులు, చేతి వేలికి స్మార్ట్ ఉంగరం, గోళ్ళ మీద రంగు, ఇవి చివరి నిమిషంలో చూసుకోవాల్సినవి. సవర గిరిజనుల బట్టలు, పూసలు తెచ్చి వేషంగా కట్టడం మాత్రం మానేయండి. వాళ్ళు పక్క ఊళ్ళోనే ఉన్నారు, ఫొటోలో వాళ్ళు కావాలంటే వాళ్ళనే అడగండి.

ఫొటో

పర్లాకిమిడిలో బృందావన్ ప్యాలెస్ అందరికీ గుర్తొస్తుంది. అనుమతి దొరికితే మంచిదే, లేకపోతే పాత మండువా ఇంటి వరండా చాలు. కరెంటు మీటరు, ప్లాస్టిక్ గొట్టాలు ఫ్రేములోకి రానివ్వకండి. రైలు పట్టాల దగ్గర తీయాలన్న సరదా చాలామందికి ఉంటుంది. నౌపడా నుంచి 1900లో వచ్చిన పర్లాకిమిడి రైలు రెండున్నర అడుగుల నారోగేజి. ఇప్పుడున్నది బ్రాడ్‌గేజి, వెడల్పు రెట్టింపు పైనే. తెలిసినవాళ్ళు మొదట పట్టాలనే చూస్తారు.

వరండాలో మనిషిని లోపల కూర్చోబెట్టి, ముఖం బయటి వెలుగువైపు ఉంచండి. మబ్బు ఉంటే ఇంకా మంచిది. తెల్లబట్ట మీద నేత గీతలు పోకుండా ఎక్స్‌పోజర్ అర స్టాపు నుంచి ముప్పావు స్టాపు తగ్గించండి. కెమెరా ఛాతీ ఎత్తులో, కొంచెం దూరంగా, ఫుల్‌ఫ్రేము లెక్కన 75 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్సుతో. ఫోను దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు, పాగా పెద్దవై కార్టూన్ అవుతుంది. సన్న నేత బట్టల మీద అలల గీతలు పడితే ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి.

నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఊరికే రంగు తీసేయడం కాదు. ఎరుపు, నారింజ స్లైడర్లు బాగా దించి నీలం పెంచండి. బొట్టు నల్లబడుతుంది, ఆకాశం తెల్లగా పాలిపోతుంది, అప్పుడే ఆర్థో ప్లేటు చూపు వస్తుంది. దీనివల్ల ముఖం మీది మచ్చలు కూడా ఎక్కువ కనిపిస్తాయి, కాబట్టి ముందే పలచగా పౌడరు అద్దండి. సెపియా మరీ పూయకండి. ఒకే ఫొటోకు సెపియా, గీతలు, చిరుగులు అన్నీ పెడితే అది పెళ్ళిపత్రికలా తయారవుతుంది.

పని అయ్యాక గంజి పూర్తిగా ఉతికేయండి. గంజితో మడిచి పెడితే బొద్దింకలు, వెండి పురుగులు కొరుకుతాయి, మడతల దగ్గర పసుపు గీతలు పడతాయి. పట్టు చీరను పాత నూలు పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. అదే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే జరీ ఆ గీత వెంటే విరుగుతుంది.