ఖాళీ ట్యాంకును నాలుగు వారాలు నడపండి: వైవేరియం కట్టేవాళ్ళకు జాగ్రత్తలు

మొన్న ఒక కుర్రాడు రెండు ఫొటోలు పంపాడు. మొదటిదాంట్లో చూడముచ్చటైన వైవేరియం ఉంది, అంటే మొక్కల మధ్య కప్పలనో బల్లులనో పెంచే గాజు ట్యాంకు. వెనక ఫోమ్‌తో చేసిన రాతిగోడ, దాన్ని పట్టుకుని పాకుతున్న తీగలు, కింద పచ్చటి నాచు. రెండోదాంట్లో అదే నాచు మీద రెండు డార్ట్ కప్పలు (రంగురంగుల చిన్న కప్పలు) చచ్చి పడి ఉన్నాయి. శనివారం సాయంత్రానికి ట్యాంకు పూర్తయింది, ఆ రాత్రే కప్పల్ని వదిలాడు, మంగళవారానికి రెండూ పోయాయి. "అన్నీ వీడియోలో చూపించినట్టే చేశానన్నా, ఎక్కడ పొరపాటు జరిగింది?" అని అడిగాడు. కట్టడంలో నాకు పెద్ద లోపం కనిపించలేదు. కట్టిన రోజే వదలడం దగ్గరే కొంప మునిగింది.

ఎంత పెద్ద ట్యాంకు కొనాలి, మట్టి ఎన్ని అంగుళాలు పోయాలి అన్నవి అందరూ చెప్తూనే ఉంటారు. నేను చూసినవాళ్ళలో ఎక్కువమందిని దెబ్బతీసిన తప్పు ఒక్కటే: తొందర. మొక్కలు నాటాక, లైట్లు, స్ప్రే, హీటర్ అన్నీ రేపు జీవి ఉన్నప్పుడు ఎలా నడుస్తాయో అలాగే నడుపుతూ, ట్యాంకును కనీసం నాలుగు వారాలు ఖాళీగా ఉంచండి. ఆరు వారాలైతే ఇంకా మంచిది. అందులో ఉన్న లోపాలు ఎలాగూ బయటపడతాయి. లోపల ప్రాణం లేనప్పుడు బయటపడితే సరిచేసుకోవచ్చు.

సిలికాన్, ఫోమ్

మామూలు సిలికాన్ గట్టిపడుతున్నంతసేపూ ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. ఆ వెనిగర్ వాసన అదే. పైపొర కొన్ని గంటల్లోనే ఆరిపోతుంది కానీ, మందంగా పూసినచోట లోపలిదాకా ఆరడానికి రోజులు పడుతుంది. కప్ప నీళ్ళు తాగేది చర్మంతోనే, ఊపిరి కూడా కొంతవరకు చర్మంతోనే తీసుకుంటుంది. మన ముక్కుకు తెలియనంత కొద్దిపాటి మోతాదు కూడా దానికి ఎక్కువే. అందుకే మట్టి పోయకముందే వారం రోజులు తలుపులు తీసి ఆరనివ్వండి. బాత్రూమ్ కోసమని బూజు పట్టకుండా మందు కలిపి అమ్మే సిలికాన్ అసలు వాడకండి. ఫోమ్‌దీ ఇదే కథ. పైన గట్టిగా ఉన్నా కోస్తే లోపల జిగటగా ఉంటుంది. కోసి చెక్కాక మళ్ళీ ఆరనివ్వండి.

మొక్కలు

చాలామంది నిర్లక్ష్యం చేసేది ఇక్కడే. నర్సరీ మొక్కలకు ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు వాడతారు. అవి ఆకు మీద ఉండిపోవు, వేరు నుంచి పైకెక్కి మొక్క రసంలో కలిసిపోతాయి. నీళ్ళతో కడిగితే పైన ఉన్నదే పోతుంది, లోపలిది వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. మొక్క తెచ్చాక కుండీ మట్టి మొత్తం దులిపి, వేళ్ళు బాగా కడిగి, మట్టిలో కలిపిన ఎరువు గుళికలు ఏరేసి, నత్త గుడ్ల కోసం ఆకుల అడుగున చూసి, కొన్ని వారాలు విడిగా పెంచండి.

ఆ తర్వాత ట్యాంకులో ముందుగా వదలాల్సినవి స్ప్రింగ్‌టెయిల్స్ (మట్టిలో గెంతే నలుసంత జీవులు), ఐసోపాడ్స్ (చెత్త కింద ఉండే గుండ్రటి పెంకు పురుగుల్లాంటివి). బూజును, కుళ్ళిన ఆకును తిని ట్యాంకును శుభ్రంగా ఉంచేవి ఇవే. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మొక్కల్లోనో మట్టిలోనో మందు మిగిలి ఉంటే ముందు దెబ్బతినేవి ఈ చిన్న జీవులే. రెండు వారాల తర్వాత నాచు ఎత్తి చూస్తే అవి కనిపించకపోతే, ఆ ట్యాంకులో కప్పను వదలకండి.

రెండో వారంలో కొత్త చెక్క మీద, ఎండుటాకుల మీద తెల్లగా దూదిలాంటి బూజు వస్తుంది. టెన్షన్ పడి అంతా పీకేసేవాళ్ళను చాలామందిని చూశాను. పీకకండి. స్ప్రింగ్‌టెయిల్స్ పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. జీవిని వదలకుండా ఆగారు కాబట్టి బూజు వల్ల నష్టమేమీ లేదు.

వేడి, నీళ్ళు

డార్ట్ కప్పలకు, క్రెస్టెడ్ గెకో బల్లులకు 22 నుంచి 26 డిగ్రీలు హాయిగా ఉంటుంది. 28 దాటితే కష్టం మొదలవుతుంది, 30 దాటి అలాగే ఉంటే ప్రాణానికే ముప్పు. మూసిన గాజు ట్యాంకులో లైట్ల వేడి ఒక్కటే గదికన్నా కొన్ని డిగ్రీలు పెంచేస్తుంది. ఇది లెక్కేస్తే తెలిసేది కాదు, నడిపి చూడాల్సిందే. అద్దానికి అతికించే ముల్లు మీటర్లను నమ్మకండి. ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటర్ తీసుకుని పైన, కింద, మధ్యాహ్నం, తెల్లవారుజామున చూడండి. రోజులో అత్యధికం ఎంతో రాసిపెట్టండి. వేసవికి ముందు కడుతుంటే గదిలో బాగా వేడి ఉండే రోజులు కూడా ఈ నాలుగు వారాల్లోకి వచ్చేలా చూసుకోండి. కిటికీ ఎండ ట్యాంకు మీద నేరుగా పడకూడదు. గాజు లోపల వేడి చిక్కుకుని నిమిషాల్లో పెరిగిపోతుంది.

అడుగున క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుళికలు) పొర అయిదు సెంటీమీటర్లు, దాని మీద మెష్, ఆపైన మట్టి. నీళ్ళు ఎప్పుడూ మట్టిని తాకకూడదు. తాకితే గాలి ఆడక మట్టి కుళ్ళి, కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది. రోజుకు ఎంత స్ప్రే చేస్తే నీటిమట్టం పెరగకుండా ఉంటుందో మీకు చెప్పేది కూడా ఆ ఖాళీ వారాలే.

ఇక మిగతావి వరుసగా చెప్పేస్తాను.

టెంపర్డ్ గ్లాసుకు డ్రిల్ పెట్టకండి, ట్యాంకంతా ముక్కలవుతుంది.

బరువైన రాళ్ళను నేరుగా ట్యాంకు అడుగున నిలబెట్టి, తర్వాతే మట్టి పోయండి. మట్టి మీద పెడితే కింద తవ్వుకున్న జీవి నలిగిపోతుంది.

పైన్, సెడార్ చెక్క వద్దు.

థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ వద్దు. హాట్ రాక్ (కరెంటుతో వేడెక్కే రాయి) అసలే వద్దు, దాని మీద పడుకున్న జీవి కడుపు కాలిపోతుంది.

లోపల బల్బు ఉంటే చుట్టూ జాలీ ఉండాలి.

వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు మీద జారే నీటిచుక్క సాకెట్‌లోకి పోదు.

యూవీబీ (అతినీలలోహిత కిరణాల) లైటు గాజు పైన పెడితే పెట్టనట్టే. గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది.

కుళాయి నీళ్ళు నేరుగా కొట్టకండి. క్లోరిన్ అయితే రాత్రంతా ఉంచితే పోతుంది, కొన్నిచోట్ల దాని బదులు కలిపే క్లోరమైన్ పోదు. వాటిని తీసేసే డీక్లోరినేటర్ మందు వేయండి.

తేమ కోసమని గాలి దారులన్నీ మూసేయకండి.

రెండు జాతులను ఒకే ట్యాంకులో పెట్టకండి.

లెపర్డ్ గెకోను, బేర్డెడ్ డ్రాగన్‌ను తడి ట్యాంకులో పెట్టకండి. అవి పొడి నేల బల్లులు.

ఆకులు తినే జీవి అయితే మనీప్లాంట్, డిఫెన్‌బాకియా తీసేయండి.

బయట పట్టిన కప్పను తెచ్చి కలపకండి. పాత మట్టిని, నీళ్ళను బయట పారబోయకండి. 1999లో శాస్త్రవేత్తలు పేరుపెట్టిన కైట్రిడ్ ఫంగస్, అంటే కప్పల చర్మానికి పట్టే ఒక రకం బూజు, ప్రపంచమంతటా ఎన్నో కప్పల జాతులను తుడిచిపెట్టింది. అది తడిలోనే ప్రయాణిస్తుంది.

ట్యాంకు సామాన్లను వంటింటి సింకులో కడగకండి. వాటిమీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు.

"ఇవాళే తీసుకెళ్ళండి, మళ్ళీ దొరకదు" అని అమ్మేవాళ్ళు అంటారు. వినకండి. ఖాళీ ట్యాంకు, నాలుగు వారాలు.

జీవి ముందే ఇంటికి వచ్చేసిందా? అయినా ట్యాంకులో వదలకండి. గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెలో తడి టిష్యూ పేపరు, దాక్కోవడానికి చిన్న చాటు, నీళ్ళ గిన్నె పెట్టి అందులో ఉంచండి. కొత్త జీవికి ఎలాగూ నెల రోజుల క్వారంటైన్ కావాలి. టిష్యూ మీద మలం స్పష్టంగా కనిపిస్తుంది, పురుగుల పరీక్షకు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. అదే నెలలో అటు ట్యాంకు కూడా సిద్ధమవుతుంది.

వదిలే రోజు ఈ నాలుగూ చూడండి. నాచు ఎత్తితే స్ప్రింగ్‌టెయిల్స్ గెంతుతున్నాయా? మొక్కలు కొత్త ఆకు వేశాయా? గత వారం మొత్తంలో అత్యధిక వేడి హద్దులోనే ఉందా? తలుపు తీయగానే తడి అడవి మట్టి వాసన తప్ప ఇంకే వాసనా రావడం లేదు కదా? వీటిలో ఒక్కటి తేడా ఉన్నా జీవిని పెట్టెలోనే ఉంచి, ఇంకో వారం ఆగి మళ్ళీ చూడండి.