లాక్‌డౌన్‌లో తప్పిన టీకాలు: జాబితా దగ్గర్నుంచి సూది దాకా

2020 మార్చి 25న దేశమంతా మూతపడినప్పుడు ఆస్పత్రుల్లో పుట్టిన వెంటనే వేసే టీకాలు చాలావరకు నడిచాయి. దెబ్బతిన్నది ఆ తర్వాతివి: వార్డులో, అంగన్‌వాడీలో బుధ, శనివారాల్లో వేసేవి. బస్సుల్లేవు, టీకాలు వేసే ఏఎన్ఎంలు (ఆరోగ్య కార్యకర్తలు), ఆశాలు కోవిడ్ సర్వేల్లో ఉన్నారు, తల్లులకు ఆస్పత్రి అంటేనే భయం. కొన్ని దేశాల్లో విమానాలు ఆగి టీకాల సరుకే ఆలస్యమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కల్లో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మూడో డోసు అందిన పిల్లలు ప్రపంచవ్యాప్తంగా 2019లో 86 శాతం, 2021లో 81 శాతం. మన దేశంలో ఒక్క 2020లోనే 91 నుంచి 85కు దిగింది.

విశాఖ వార్డుల్లో ఇలాంటి ఖాళీని పూడ్చాలంటే సూది కంటే ముందు జాబితా. ఎక్కువ పొరపాట్లు అక్కడే. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. లాక్‌డౌన్ పడితే గాజువాక కోడలు శ్రీకాకుళంలో చిక్కుకుపోతుంది. ఇక్కడి రిజిస్టరులో గర్భిణిగా పేరుంటుంది, బిడ్డ పేరుండదు. అక్కడి ఏఎన్ఎంకు ఆమె తమ ఊరి మనిషి కాదు. నిర్మాణ పనులకు వచ్చినవాళ్లు, వేటకెళ్లే కుటుంబాలు, అద్దె గదులు మారేవాళ్లు కూడా ఇలాగే జారిపోతారు.

అందుకని ఇంటింటికీ తిరిగినప్పుడు ‘టీకాలు వేయించారా?’ అని అడగకండి. అందరూ వేయించామనే అంటారు. ‘ఈ రెండేళ్లలో ఈ ఇంట్లో ఎవరికైనా కాన్పయిందా? ఇక్కడైనా, పుట్టింట్లోనైనా?’ అని అడిగి, కార్డు చూపించమనండి. బిడ్డ పుట్టిన తేదీ, చివరి డోసు తేదీ, తల్లి ఫోనుతోపాటు అమ్మమ్మ ఫోను కూడా రాసుకోండి. తల్లి నంబరు మారినా అమ్మమ్మది మారదు. కార్డు పోతే, టీకా వేసిన చోటి రిజిస్టరులో వెతకండి. అక్కడా లేకపోతే ఆ డోసు పడలేదనే లెక్క. ఎడమ చేతిపై బీసీజీ (క్షయ టీకా) మచ్చ కనబడలేదని మాత్రం బీసీజీ మళ్లీ వేయక్కర్లేదు.

ఇక లెక్క. ఆలస్యమైందని మొదటి నుంచి మొదలుపెట్టరు. పడిన డోసు పడినట్టే, ఆగిన చోటు నుంచే సాగాలి. డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉండాలి. పెంటావాలెంట్ (పెంటా, ఐదు జబ్బులకు ఒకే టీకా) మొదటి డోసు ఏడాదిలోపు పడితే మిగతావి తర్వాత పూర్తి చేయొచ్చు. అసలు మొదలవకుండానే ఏడాది దాటితే దాని బదులు డీపీటీ, 7 ఏళ్ల వరకు. బీసీజీ ఏడాది వరకే. పోలియో చుక్కలు, మీజిల్స్–రూబెల్లా 5 ఏళ్ల వరకు. ఇవ్వాల్సినవి ఒకే రోజు వేరువేరు చోట్ల ఇవ్వొచ్చు. ఒకే తొడకు రెండు పడితే 2.5 సెంటీమీటర్ల ఎడం పాటించాలి. ‘ఇన్ని సూదులా!’ అని తల్లి జంకితే సగం వాయిదా వేయడం కనికరం కాదు, ఆ మిగతా సగం మళ్లీ తప్పిపోతుంది. జలుబు, కొద్దిపాటి జ్వరం ఆపడానికి కారణాలు కావు.

సెషన్ రోజున అందరినీ పదింటికే రమ్మనకండి. వీధుల వారీగా గంటలు కేటాయించి ముందు రోజే ఫోన్ చేయండి. టీకా తర్వాత అరగంట కూర్చునే చోటు గాలాడేలా, నీడపట్టున ఉండాలి. మే నెల విశాఖ ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు.

ఎండ అనగానే అందరూ టీకా వేడెక్కుతుందనే కంగారుపడతారు. గడ్డకట్టడమూ అంతే చేటు. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాకులను నేరుగా టీకాలు మోసే క్యారియర్‌ పెట్టెలో పెడితే పెంటా, డీపీటీ, హెపటైటిస్–బి పాడవుతాయి. ఐస్‌ప్యాకు ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడేదాకా బయట ఉంచి, అప్పుడు క్యారియర్‌కు 4 చొప్పున పేర్చాలి. నిల్వ ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీలు. రోజుకు రెండుసార్లు రాయాలి, ఆదివారమైనా సరే. సిబ్బంది తక్కువైన రోజుల్లో మొదట ఎగిరిపోయేది ఈ రాతే.

మీజిల్స్–రూబెల్లా, బీసీజీ పొడి రూపంలో వస్తాయి, దేని ద్రావకంతో దాన్ని కలిపాక 4 గంటలే పనికొస్తాయి. జనం తక్కువ వచ్చారని, వయల్ (టీకా సీసా) వృథా అవుతుందని బిడ్డను వచ్చేవారం రమ్మనడం చాలాచోట్ల చూసేదే. ఒక్క బిడ్డ ఉన్నా విప్పాల్సిందే. పెంటా, డీపీటీ, పోలియో చుక్కల వయల్ అయితే విప్పిన తేదీ రాసి, సరైన చల్లదనంలో ఉంచితే, వీవీఎం (వేడి తగిలితే రంగు మారే సీసా మీది గుర్తు) చెడకపోతే 28 రోజుల దాకా వాడొచ్చు.

కోవిడ్ కాలంలో వార్డు కంటైన్‌మెంట్‌లోకి (కేసుల వల్ల రాకపోకలు ఆపిన ప్రాంతం) వెళ్తే బయటి సెషన్లు నిలిచేవి. 2020 మేలో కేంద్రం ఇచ్చిన పద్ధతి ప్రకారం, ఆంక్షలు ఎత్తేశాక కనీసం 14 రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టాల్సి ఉండేది. అలాంటి రోజులు మళ్లీ వస్తే జాబితాకు వాడుకోండి: ఫోన్లు చేసి, పుట్టిళ్లలో ఉన్నవాళ్లకు అక్కడి ఏఎన్ఎం నంబరు ఇప్పించి, వేసిన తేదీని కార్డు ఫొటోతో తెప్పించుకుని ఇక్కడి రిజిస్టరులో ఎక్కించండి.