వానల్లో .32 పిస్టల్‌ను విప్పి తుడవడం

తిరుపతి, చిత్తూరు వైపు నవంబరు, డిసెంబరు వానల్లో ఇనుముకు తుప్పు ఇట్టే పడుతుంది. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్‌లో అప్పగించిన లైసెన్సు పిస్టల్ నెలల తర్వాత చేతికొచ్చినా అంతే. ఇంటికి తెచ్చిన రోజే విప్పి తుడవండి.

ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. గొట్టాన్ని మనుషుల్లేని వైపు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు పడకుండా పట్టుకుని మొదట మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగాలి. వరస తప్పితే చాంబర్‌లోని (గొట్టం వెనక తూటా కూర్చునే చోటులోని) తూటా బయటపడుతుంది గానీ, మ్యాగజైన్‌లోంచి ఇంకోటి వెంటనే ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ అనుకున్న పిస్టల్ పేలేది ఇలాగే. స్లైడ్ వెనక ఆపి చాంబర్‌ను కళ్లారా చూడండి, చిటికెన వేలితో తడమండి.

విప్పే పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది, దానితో వచ్చిన పుస్తకం చూసుకోండి. కొన్ని .32 పిస్టళ్లలో గొట్టం ఫ్రేముకే బిగించి ఉంటుంది, దాని చుట్టూ స్ప్రింగు. కొన్నింటిలో గొట్టం విడిగా ఊడొస్తుంది. స్ప్రింగు ఎగిరి కంటికి తగలొచ్చు, కళ్లద్దాలు పెట్టుకోండి. దాని ఏ కొన ఎటు ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఇంటి దగ్గర స్లైడ్, గొట్టం, స్ప్రింగు, ఫ్రేము, మ్యాగజైన్ వేరు చేస్తే చాలు. ట్రిగ్గర్ లోపలి భాగాల జోలికి పోవద్దు, అవి లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాళ్ల) పని.

గొట్టంలో సాల్వెంటు (మసిని కరిగించే ద్రవం) పూసి పది నిమిషాలు నానబెట్టండి. .32 సైజు కంచు బ్రష్షును వీలైనంత వరకు చాంబర్ వైపు నుంచే తోయండి. మూతి వైపు నుంచి తోస్తే కడ్డీ రాసుకుని మూతి అంచు అరుగుతుంది, గురి తప్పుతుంది. తర్వాత గుడ్డ ముక్కలు తెల్లగా వచ్చేదాకా మార్చండి. అసలు మసి పేరుకునేది స్లైడ్ లోపల తూటా అడుగుకు ఆనే ముఖంలో, పేలిన తూటా తొడుగును వెనక్కి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద. అక్కడ మసి గట్టిపడితే ఆ ఖాళీ తొడుగు బయటికి రాక ఇరుక్కుంటుంది. పాత టూత్‌బ్రష్షుతో గీకండి. ఉప్పుకాగితం మాత్రం వద్దు, నల్లపూత లేచిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది.

నూనె దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. స్లైడ్ జారే పట్టాల మీద చోటుకో చుక్క, గొట్టం పైన పలచని పూత, అంతే. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) రంధ్రం పొడిగా ఉండాలి. అక్కడ నూనె, మసి కలిసి ముద్దయితే పిన్ను మెత్తగా తగిలి తూటా పేలదు.

ఈ పిస్టళ్లలో వాడే .32 ఏసీపీ రకం తూటాకు అడుగున చిన్న అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది దాని అంచుకు ముందుండాలి. వెనకబడితే రెండూ చిక్కుకుని జామ్ అవుతుంది. తుడిచాక తోలు సంచిలో దాచవద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ పొట్లాలతో తాళమున్న పెట్టెలో పెట్టండి, తూటాలు వేరే చోట.