హై-రెస్ ఫైలు వేసినా తేడా తెలియట్లేదా? ముందు డ్యాక్ మీద అంకె చూడండి

సమస్య: ఫైలు ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన రకం), 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. డ్యాక్ (కంప్యూటర్‌లోని డిజిటల్ పాటని యాంప్‌కి పంపే సిగ్నల్‌గా మార్చే పెట్టె), యాంప్, స్పీకర్లు అన్నీ మంచివే. అయినా పాట చప్పగా ఉంది, పాత ఎంపీ3కీ దీనికీ తేడా తెలియట్లేదు.

ఇలా అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే యూఎస్‌బీ కేబుల్ మార్చేసి ఉంటారు. డ్యాక్ ముఖం వైపు మాత్రం చూసి ఉండరు. సీడీ నుంచి తీసిన 44.1 ఫైలు ఒకటి, 96 ఫైలు ఒకటి వరసగా వేయండి. డిస్‌ప్లే మీద అంకె (కిలోహెర్ట్జ్‌లో శాంపిల్ రేటు), లేదా లైటు రంగు, పాటను బట్టి మారాలి.

అంకె 48 దగ్గరే కదలకుండా ఉంటే: కంప్యూటర్ మిక్సర్ (అన్ని ప్రోగ్రాముల శబ్దాలనీ కలిపి పంపే భాగం) అన్నిటినీ 48కి మార్చి పంపుతోంది. ఇది ఇట్టే దొరికిపోతుంది.

అంకె 192 చూపిస్తుంటే: అసలు మోసం ఇక్కడే. ఎక్కువ ఉంటే మంచిదేగా అని ఎవరో విండోస్‌లో డిఫాల్ట్ ఫార్మాట్‌ని 24 బిట్, 192కి పెట్టి ఉంటారు. ఇక ఎంపీ3 వేసినా 192, బ్రౌజర్‌లో వీడియో వేసినా 192. లైటు వెలుగుతోంది కాబట్టి కంప్యూటర్ మీద అనుమానమే రాదు, నింద స్పీకర్ల మీదికి పోతుంది. నిజానికి మిక్సర్ మధ్యలోనే కూర్చుని ఉంది. రేటు మార్చడం ఒక్కటే అయితే ఈరోజుల్లో చెవికి పెద్దగా తెలియదు. కానీ అదే దారిలో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు (శబ్దానికి కలిపే మెరుగులు), లిమిటర్ (గట్టి శబ్దాలను అణిచేది), మెసేజ్ వచ్చినప్పటి టింగుమనే శబ్దం అన్నీ పాటలో కలుస్తాయి. పాటని చప్పబరిచేవి అవే.

పరిష్కారం: విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో డ్యాక్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్ళి ఎక్స్‌క్లూజివ్ కంట్రోల్‌కి (మిక్సర్‌ని తప్పించి డ్యాక్‌ని ఒక్క ప్లేయరే వాడుకునే వీలు) టిక్ ఉందో లేదో చూడండి, ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపేయండి. అక్కడితో ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. ఆ టిక్ అనుమతి మాత్రమే, దాన్ని వాడుకోవాల్సింది ప్లేయర్. ఫూబార్2000 లాంటి ప్లేయర్ అవుట్‌పుట్ జాబితాలో ఎక్స్‌క్లూజివ్ అని ఉన్న పేరునో, డ్యాక్ కంపెనీ ఇచ్చే, మిక్సర్‌ని దాటి నేరుగా పంపే ఆసియో డ్రైవర్‌నో ఎంచుకోండి. పాట మొదలుపెట్టే ముందు యాంప్ వాల్యూమ్ తగ్గించండి. కంప్యూటర్ వాల్యూమ్ ఇక పనిచేయకపోవచ్చు, శబ్దం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఇప్పుడు 44.1కి 44.1, 96కి 96 కనిపించాలి, టింగుమనే శబ్దాలు స్పీకర్లలో రాకూడదు.

మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో పెట్టిన రేటే ఉండిపోతుంది. ప్రతిసారీ చేత్తో మార్చుకోవాలి, లేదంటే రేటును తనే మార్చే ప్లేయర్ పెట్టుకోవాలి.

అంకె సరిగ్గా మారుతున్నా తేడా లేకపోతే: ఫైలునే అనుమానించండి. ఫైలులోని ఫ్రీక్వెన్సీలను బొమ్మగా చూపే స్పెక్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. 96 ఫైలులో 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు అంతా ఆగిపోతే, అది చాలావరకు సాగదీసిన సీడీ ఫైలే. 16 దగ్గరే ఆగితే మూలం ఎంపీ3 అయ్యుండొచ్చు. ఫైలు అసలైనదే అయినా, ఒకే మాస్టర్ (స్టూడియో తుది రికార్డింగ్) నుంచి వచ్చిన సీడీ, హై-రెస్ ఫైళ్ళని చెవితో విడదీయడం చాలామందికి సాధ్యం కాదు. మీ చెవుల్లో లోపమేమీ లేదు.

మిగతావి: స్పీకర్లలో గుయ్‌మంటుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగితే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారుల మధ్య తిరిగే కరెంటు), యూఎస్‌బీ ఐసొలేటర్ చాలు. టిక్కుటిక్కుమంటే హబ్ తీసేసి డ్యాక్‌ని నేరుగా పెట్టండి, బఫర్ (ప్లేయర్ ముందుగా నింపి ఉంచుకునే పాట భాగం) పెంచండి. డీఎస్‌డీ (హై-రెస్‌లో మరో రకం) ఫైలు బుస్సుమంటే ప్లేయర్ వాల్యూమ్ 100కి పెట్టి ఈక్వలైజర్ ఆపండి. ఫ్లాక్‌ని వేవ్‌గా మార్చుకునే పని పెట్టుకోకండి, రెండిట్లోంచీ బయటికొచ్చే బిట్లు ఒకటే.