పాత లెక్కల్లో తెలుగు అంకెలను చదవడం ఎలా?

చిత్తూరులో మా పాత ఇంటి అటక మీద ట్రంకు పెట్టె తెరిస్తే తాతగారి బెల్లం లెక్కల పుస్తకం దొరికింది. మొదటి పేజీలోనే ‘మణుగు ౧౺’ అని ఉంది. మణుగు పాత రోజుల తూకం. ఒకటి, దాని పక్కన రెండు నిలువు గీతలు. గోడ గడియారంలో రోమన్ అంకెలు చూసి పెరిగిన కళ్లు కదా, రెండు గీతలంటే రెండే అనుకున్నాను. మణుగు పన్నెండు రూపాయలు! ఆ రోజుల్లో అంత ధరా అని ఆశ్చర్యపోతుంటే, అవ్వ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా చూసి “రూపాయిన్నర నాయనా” అనేసి వెళ్లిపోయింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకమో, పత్రమో ఉంటే చదవడం ఇలా మొదలుపెట్టండి.

ముందుగా పది అంకెలను వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి: ౦ ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯. స్థానాల లెక్క మనకు తెలిసినదే. ఒకట్లు, పదులు, వందలు కుడి నుంచి ఎడమకు పెరుగుతాయి. ౧౯౩౭ అంటే 1937, అంతే. రోమన్ అంకెల్లో లాగా పెద్దదానికి ముందు చిన్నది వస్తే తీసివేయడం లాంటి మెలికలు ఇక్కడ లేవు.

చిక్కంతా చేతిరాతతోనే. ౧ చూడడానికి తలకట్టు లేని ‘గ’లా ఉంటుంది. సిరా పాకితే దాని నోరు మూసుకుపోయి సున్నలా కనిపిస్తుంది. ౩ నోరు ఎడమవైపుకు, ౬ నోరు కుడివైపుకు తెరుచుకుంటాయి. ౬, ౯ కొందరి రాతలో కవల పిల్లలే. అనుమానం వస్తే ఊహించకండి, అదే మనిషి అదే అంకెను మరోచోట ఎలా రాశాడో వెతికి పోల్చండి.

పత్రాలలో ఇంతకన్నా మంచి తాళంచెవి ఉంది. మొత్తాన్ని అంకెల్లో రాసి, వెంటనే ‘అక్షరాలా’ అని మాటల్లోనూ రాసేవారు: ‘౧౨౫, అక్షరాలా నూట యిరవై అయిదు రూపాయలు’. ముందు మాటలు చదివి, వాటితో అంకెలను సరిపోల్చుకోండి. అలాంటి చోట్లు నాలుగైదు దొరికితే ఆ రాతగాడి అంకెలన్నీ మీకు వచ్చేసినట్టే. ‘యిరవై’, ‘యెనిమిది’ లాంటి పాత వర్ణక్రమం చూసి కంగారు పడకండి.

ఇక అసలు సంగతి గీతలు. రూపాయికి పదహారు అణాలు. పదహారంటే నాలుగు నాలుగులు. ఈ గుర్తులన్నీ ఆ నాలుగు మీదే నడుస్తాయి. నిలువు గీత ఒక్కోటి పావు: ౹ పావలా, ౺ అర్ధరూపాయి, ౻ పన్నెండు అణాలు. అడ్డగీత ఒక్కోటి పదహారో వంతు, అంటే అణా: ౼ ఒకటి, ౽ రెండు, ౾ మూడు. నాలుగో అడ్డగీత ఉండదు, ఎందుకంటే నాలుగు అణాలైతే నిలువు గీత ఒకటి పడుతుంది. (మీ ఫోనులో ఈ గుర్తుల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే తప్పు ఫాంటుది. కాగితం మీద గీసుకుంటే సరిపోతుంది.)

ఒక లెక్క విప్పి చూద్దాం. ‘౫౹౾’ అని ఉంది. ౫ అయిదు రూపాయలు. నిలువు గీత ఒకటి, నాలుగు అణాలు. అడ్డగీతలు మూడు, మూడు అణాలు. మొత్తం అయిదు రూపాయల ఏడు అణాలు. మరి పదమూడు అణాలు ఎలా రాయాలి? పన్నెండుకు మూడు నిలువు గీతలు, మిగిలిన ఒకటికి ఒక అడ్డగీత: ౻౼. అణాలో భాగాలు రాయాలంటే మళ్లీ నిలువు గీతలకే వెళ్లాలి. అడ్డగీతల తర్వాత వచ్చే నిలువు గీత ఒక్కోటి పావు అణా, అంటే రూపాయిలో అరవై నాలుగో వంతు. కాబట్టి ‘౫౹౾౺’ అంటే అయిదు రూపాయల ఏడున్నర అణాలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాక ఈ గీతలతో పని తగ్గిపోయింది. పావలా అనే మాట మాత్రం మిగిలింది.

సంవత్సరం దగ్గర ఒక్క జాగ్రత్త. ‘ఫసలీ ౧౩౪౭’ అని ఉంటే 590 కలపండి. 1937 జూలైలో మొదలైన రెవెన్యూ సంవత్సరం అది. శకవర్షమైతే 78 కలపాలి.

మన జిల్లా వాళ్లకు ఇంకో చిక్కు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఈ చుట్టుపక్కల చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది (ఆ జిల్లాలో మిగతా భాగం ఇప్పుడు తమిళనాడులో ఉంది). అందుకే కొన్ని కట్టల్లో తమిళ లెక్కలూ కలిసి ఉండవచ్చు. పాత తమిళ పద్ధతిలో పదికి, నూరుకు, వెయ్యికి విడివిడిగా గుర్తులున్నాయి. తెలుగు అంకెలతో పొంతన కుదరని గుర్తు ఎదురైతే, తమిళం చదవగల పెద్దవారికి చూపించండి.

నేను అవ్వ సాయం లేకుండా చదివిన మొదటి వరుస ఆఖరి పేజీలోది: ‘బాకీ ౩౹౼’. మూడు రూపాయల అయిదు అణాలు. తీరిన బాకీలన్నింటినీ తాతగారు అడ్డంగా కొట్టేశారు. దాన్ని మాత్రం కొట్టలేదు. బాకీ పడినవారి పేరు మీద చెదలు తిన్న చిల్లు ఉంది.